చాందా కోట మీది సింహం

కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే రైళ్లలో ‘బల్లార్షా’ అనే పేరు రోజూ వినిపిస్తుంది. అది గోండు రాజుల పేరని ఎంతమందికి తెలుసు? బల్లాల్‌షా వంశం మొదట మన సిర్పూర్ నుంచి, ఆ తర్వాత బల్లార్షా నుంచి పాలించింది. చివరికి చాందాను రాజధాని చేసుకుంది. ఇప్పటి చంద్రపూర్ నగరం అదే. పెన్‌గంగ, వార్ధా నదులు ఈనాడు రాష్ట్రాలకు సరిహద్దులయ్యాయి గానీ, గోండులను విడదీయలేదు. కెరమెరి దగ్గర జంగుబాయి జాతరకు ఇప్పటికీ రెండు వైపుల జనమూ వస్తారు.

చాందా కోటకు ఒక కథ ఉంది. 15వ శతాబ్దంలో ఖాండ్క్యా బల్లాల్‌షా వేటకు వెళ్లాడు. అక్కడ ఒక కుందేలు అతని కుక్కనే తరిమింది. ఆ వింత విన్న రాణి, కుందేలు పరుగెత్తిన దారి వెంటే కోట కట్టమంది. ఆ గోడ పని తరతరాలుగా సాగి పూర్తయింది. ఇరయి, ఝర్పట్ నదుల నడుమ ఉన్న ఈ కోటకు జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బింబా అని నాలుగు ద్వారాలు.

ద్వారాల మీద చెక్కిన బొమ్మను చూడాలి. చిన్న ఏనుగును తొక్కిపట్టిన పెద్ద సింహం. అది గోండు రాజచిహ్నం. అసలు ఏనుగే పెద్దది కదా! శిల్పి కొలతలను తారుమారు చేశాడు. బలం ఒంటి పరిమాణంలో లేదన్నదే ఆ బొమ్మ అర్థమని నేననుకుంటాను. కుందేలు కథ చెప్పేదీ అదే.

1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను ఆక్రమించారు. 1818లో బ్రిటిష్ సైన్యం ఫిరంగులతో గోడ పగలగొట్టి లోపలికి వచ్చింది. 1858 అక్టోబర్ 21న గోండు వీరుడు బాబూరావు శేడ్మాకేను ఈ ఊరి జైలులోనే ఉరితీశారు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. రెండేళ్లకు నిర్మల్‌లో రాంజీ గోండు అదే బాటలో ప్రాణమిచ్చాడు. ఇవి రెండు రాష్ట్రాల కథలు కావు, ఒక్క జాతి కథ.

కోట నేడు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అయినా గోడల సందుల్లో రావి, మర్రి మొలిచి రాళ్లను కదిలించాయి. గోడ పక్కన చెత్త పేరుకుంది. జట్‌పురా ద్వారంలోంచి బళ్లు హారన్లు కొట్టుకుంటూ పోతాయి, తలెత్తి సింహాన్ని చూసేవారు తక్కువ. 2017లో నగర యువకులు కొందరు చేతులతో పొదలు నరికి గోడను బయటకు తెచ్చారు. వారికి మనం రుణపడి ఉన్నాం.

పొదలు నరికితే గోడ కనబడుతుంది. కట్టినవారు ఎవరో కనబడాలంటే చెప్పేవాళ్లుండాలి. అడవి జాతులకు చరిత్ర లేదనే మాట ఇంకా వినబడుతున్న కాలం ఇది. మన ఆశ్రమ పాఠశాలల పిల్లలకు గోల్కొండ తెలుసు, చాందా తెలియదు. వారిని ఒక్కసారి ఆ రైలెక్కించి తీసుకెళదాం. ఆ బొమ్మ కథను ద్వారాల దగ్గర మరాఠీతో పాటు గోండీలోనూ, తెలుగులోనూ రాయించమని అడుగుదాం. ఆ సింహం మన తాతలు చెక్కించినదని పిల్లలకు మన నోటితో మనమే చెప్పాలి.