అమర సైనికుల స్మరణ: లింగంపల్లి, హైదరాబాదు

సైన్యంలో పనిచేస్తూ ప్రాణాలు విడిచినవారిని స్మరించుకోవడం తెలుగువారికి కొత్త ఆచారం కాదు. అయితే ఆ స్మరణ ఎక్కడ జరుగుతుంది, ఎవరు జరుపుతారు, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవి కాలంతో పాటు చాలా మారాయి. హైదరాబాదు జంటనగరాల్లో దీనికి అధికారిక కేంద్రం సికింద్రాబాదు పరేడ్ మైదానంలోని వీరుల సైనిక స్మారకం. ఆగస్టు 15న, జనవరి 26న ముఖ్యమంత్రి అక్కడ పుష్పగుచ్ఛం ఉంచి నివాళి అర్పించడం ఆనవాయితీ. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరు, దుండిగల్ వాయుసేన అకాడమీ ఈ నగరాన్ని సైన్యంతో ముడివేశాయి. నగరానికి పడమటి కొసన ఉన్న లింగంపల్లి మరో దారిలో పెరిగింది. పక్కన బీహెచ్ఈఎల్ కర్మాగారం, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం, 1998లో సైబర్ టవర్స్ వచ్చాయి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు లింగంపల్లిని హైటెక్ సిటీ, బేగంపేట మీదుగా సికింద్రాబాదుతో కలిపింది. ఈ నడవాలో కాపురముంటున్నవారిలో చాలామంది సొంతూరు వేరే చోట ఉంటుంది. ఇలాంటి చోట సైనికుడి స్మృతి నిలవాలంటే, అతని పేరు రాసిన ఒక చోటూ, ఏటా అక్కడికి రావడం తమ పనిగా భావించే మనుషులూ ఉండాలి. అంత్యక్రియలనాడు ఎంతమంది వచ్చారు, సహాయం ఎంత ప్రకటించారు అన్నవి దీని తరవాతి సంగతులు. ఈ మాటకు ఆధారాలు తెలుగు చరిత్రలోనే దొరుకుతాయి.

నేడు సైనికుడి మరణం అనగానే మన కళ్లముందు నిలిచే దృశ్యం ఒకటే: త్రివర్ణ పతాకం కప్పిన శవపేటిక, దాని వెంట ఊరంతా నడవడం, గాల్లోకి కాల్పులు, బిగుల్, జెండాను మడిచి భార్య చేతికో తల్లి చేతికో ఇవ్వడం. ఇది అనాదిగా వస్తున్న పద్ధతి అనిపిస్తుంది గానీ, ఇంత విస్తృతంగా మొదలైంది 1999 కార్గిల్ యుద్ధంతోనే. అంతకుముందు 1962, 1965, 1971 యుద్ధాల్లో చనిపోయినవారిలో అధిక సంఖ్యాకులకు యుద్ధభూమికి దగ్గర్లోనే దహనమో ఖననమో జరిగేది. ఇంటికి చేరేది టెలిగ్రామ్, ఆ తరవాత కొన్ని వస్తువులు. హైదరాబాదు రాజ్య సైన్యంలో ఉద్యోగం మొదలుపెట్టి, విలీనం తరవాత పూనా హార్స్‌లో చేరిన లెఫ్టినెంట్ కల్నల్ ఏ.బి. తారాపోర్ 1965 సెప్టెంబరు 16న చవిండా పోరులో మరణించాడు. తాను చనిపోతే రణరంగంలోనే దహనం చేయాలని ముందే కోరాడు, అలాగే చేశారు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. కార్గిల్ నుంచి పార్థివదేహాలు సొంత ఊళ్లకు రావడంతో దుఃఖం ఊరుమ్మడి అయింది. అది మంచి మార్పే. కొడుకు ముఖం కడసారి చూసుకునే హక్కు తల్లిదండ్రులకు దక్కింది. కానీ దానితోపాటు గౌరవమంతా ఒక్క రోజులోకి కుదించుకుపోయే ప్రమాదం కూడా వచ్చింది. కెమెరాలు వెళ్లిపోయాక మిగిలే పని ఎవరిదన్న ప్రశ్నకు అంత్యక్రియల క్రమంలో జవాబు లేదు.

పాత తెలుగు సమాజం దీనికి జవాబు వెతుక్కుంది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి ఛాయాస్తంభాలు, అంటే స్మారక స్తంభాలు, రాజులకే పరిమితం కావు. సేనానులకూ మామూలు భటులకూ కూడా స్తంభాలు నిలిపారు, వాటి మీద శాసనం చెక్కించారు. తరవాతి శతాబ్దాల్లో పల్లెపల్లెనా వీరుల స్మారక శిలలుగా వెలసిన వీరగల్లులు ఈ ఆచారానికి కొనసాగింపే. వీటికంటే నాకు ఎక్కువ బలంగా కనిపించే ఉదాహరణ పల్నాటి కారంపూడి. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో నేలకొరిగినవారి కోసం అక్కడ వీరుల గుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ వీరారాధన జరుగుతుంది. వీరుల వంశాలవారిగా చెప్పుకునే ఆచారవంతులు ఆయుధాలు పట్టుకుని తరలివస్తారు. కులభేదం లేకుండా చాపకూడు తింటారు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఈ స్మృతి చెదరకపోవడానికి కారణం రాయి గట్టిదనం కాదు. ఫలానా రోజున, ఫలానావాళ్లు, ఫలానా ఊరు చేరాలన్న కట్టుబాటు ఉంది. ఇళ్లలో పెద్దలకు పెట్టే ఆబ్దికానికి ఉన్న నియమమే ఇక్కడ ఒక సీమ మొత్తానికి విస్తరించింది.

ఆ కట్టుబాటు లేని చోట ఎంత ఘనమైన కట్టడమైనా ఏమవుతుందో చెప్పడానికి ఢిల్లీలోని తీన్‌మూర్తి చాలు. మొదటి ప్రపంచయుద్ధంలో సినాయ్, పాలస్తీనా రంగాల్లో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్ జ్ఞాపకంగా 1922లో నిలిపిన ఆ మూడు కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్లకు ప్రతీక. మిగతావి మైసూరు, జోధ్‌పూర్ దళాలవి. 1918 సెప్టెంబరు 23 నాటి హైఫా విజయం ఆ బ్రిగేడ్‌దే. 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా కలిపారు. అయినా తీన్‌మూర్తి అనగానే మనవాళ్లకు తట్టేది నెహ్రూ నివసించిన భవనం. అక్కడ నిలబడిన ముగ్గురిలో ఒకడు మన నగరం పేరు మోస్తున్నాడని తెలిసినవారు తక్కువ. 19వ హైదరాబాదు రెజిమెంటు సంగతి ఇంకా విచారకరం. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. దేశపు మొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో సైన్యంలో చేరింది హైదరాబాదు రెజిమెంటులోనే. 1947 నవంబరు 3న బడ్గామ్‌లో ఆయన మరణించే నాటికి ఆ పేరు లేదు. ఆ రెజిమెంటు జవాన్లలో ఎక్కువమంది ఈ ప్రాంతంవారు కారన్నది నిజమే. కానీ పేరు పోయాక నగరానికీ ఆ చరిత్రకూ మధ్య ఉన్న సన్నని దారం కూడా తెగింది.

పేర్ల విషయంలో దేశం ఆలస్యంగానైనా సరైన పని చేసింది. 1931లో పూర్తయిన ఇండియా గేట్ డెబ్భై వేలకు పైగా భారతీయ సైనికుల స్మారకమే అయినా, దాని మీద చెక్కినవి పదమూడు వేల పైచిలుకు పేర్లే. 1972 జనవరి 26న దాని కింద వెలిగించిన అమర్ జవాన్ జ్యోతి పేరు తెలియని జవానుకు ప్రతీకగా 2022 దాకా అక్కడే వెలిగింది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తరవాత నేలకొరిగిన దాదాపు 26,000 మంది పేర్లు గ్రానైటు పలకల మీద విడివిడిగా ఉన్నాయి. అక్కడ సాయంత్రం వేళ ఒక అమరుడి కుటుంబసభ్యులు వచ్చి పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం కూడా పెట్టారు. కారంపూడి పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఢిల్లీ దూరమన్నదే చిక్కు.

పేరు రాసి ఏటా తలచుకునే ఈ పద్ధతి లింగంపల్లి వంటి చోటికి ఎందుకు వర్తిస్తుందో మేజర్ పద్మపాణి ఆచార్య జీవితం చెబుతుంది. ఆయన కుటుంబం ఒడిశా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడింది. ఉస్మానియాలో చదివాడు. 2 రాజపుతానా రైఫిల్స్ కంపెనీకి నాయకత్వం వహిస్తూ 1999 జూన్ 28న తోలోలింగ్ ప్రాంతపు దాడిలో, పుట్టబోయే బిడ్డను చూడకుండానే, ప్రాణాలిచ్చాడు. మహావీర చక్ర వచ్చింది. ఆయన ఏ ఊరివాడు? కుటుంబం వచ్చిన చోటు ఒకటి, స్థిరపడిన ఊరు ఇంకొకటి, పోరాడిన దళం రాజస్థాన్ పేరు మోసేది. వలస వచ్చినవారితో నిండిన నగరానికి కూడా అమరులు ఉంటారు. వాళ్లను సొంతూరి లెక్కలో వేసి వదిలేస్తే నగరం తనవాళ్లను తానే పోగొట్టుకుంటుంది. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ ఘర్షణలో మరణించిన 20 మంది సైనికుల్లో కల్నల్ బి. సంతోష్‌బాబు ఒకరు. 16 బిహార్ దళానికి ఆయన కమాండింగ్ ఆఫీసర్. ఆయన సొంతూరు సూర్యాపేటలో ఏడాది తిరిగేసరికి, 2021 జూన్ 15న విగ్రహం వెలిసింది, మహావీర చక్ర వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 కుటుంబాలకు పది లక్షల చొప్పున ప్రకటించి, బీహార్‌వారికి 2022 ఆగస్టులో పాట్నాలో అందజేసింది. ఒక తెలుగు రాష్ట్రం బీహారీ జవాన్లను కూడా తనవాళ్లుగా లెక్కించిన ఈ సందర్భాన్ని ఎక్కువగా గుర్తుంచుకోవాలి. బీహార్, ఒడిశాల నుంచి కూడా పనికోసం మనుషులు తరలివచ్చే ఈ నడవాలో స్మరణకు సరిపోయే నమూనా అదే.

ఇలా స్మారకాలు నిలిపి తలచుకోవడానికి అభ్యంతరాలు ఉన్నాయి. స్మారకాలు యుద్ధాన్ని అందంగా చూపి పిల్లలను ఉసిగొల్పుతాయన్నది మొదటిది. విశాఖ సాగరతీరంలో 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ వంటివి చూస్తే ఆ మాటలో కొంత పస ఉందనిపిస్తుంది. అది గెలుపును చెబుతుంది. పేర్ల పలక చెప్పేది పోయినవారిని. ఆ పేర్ల సంఖ్య కళ్లముందు ఉంటే యుద్ధం ఖరీదు మరుగున పడదు. తెల్లవారి కోసం పోరాడినవారిని మనమెందుకు తలచుకోవాలన్నది రెండోది. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం ఊరు దీనికి తనదైన సమాధానం ఇచ్చింది. రెండు ప్రపంచయుద్ధాలకూ వెళ్లినవారిని, ఆ తరవాత దేశ సైన్యంలో చేరినవారిని ఒకే పరంపరగా చూసుకుంటుంది. ఏ జెండా కింద వెళ్లినా వెళ్లింది ఊరి బిడ్డే. పోలీసులు కూడా ప్రాణాలిస్తున్నారు కదా అనేవారికి అక్టోబరు 21 ఉంది. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చనిపోయినవారి జ్ఞాపకంగా ఆ రోజు పోలీసు అమరుల దినం జరుపుతారు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి: బతికున్న కుటుంబానికి కావలసింది రాతి పలక కాదు, జీవనాధారం అని. ఇది కాదనలేని మాట. 2025 మే 9న నియంత్రణ రేఖ వద్ద మరణించిన అగ్నివీర్ మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండావాడు. ఆయన అంత్యక్రియలకు మంత్రులు వచ్చారు, రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల భూమి ప్రకటించింది. అగ్నిపథ్ పథకంలో 48 లక్షల బీమా, విధుల్లో మరణిస్తే 44 లక్షల పరిహారం ఉన్నాయి గానీ, రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చే పింఛను లేదు. ఒకే కందకంలో పక్కపక్కన పడిపోయిన ఇద్దరి కుటుంబాలకు రెండు రకాల భవిష్యత్తు ఉండటం ఏ స్మారకమూ కప్పిపుచ్చలేని అన్యాయం. అయితే పేరు ఏటా వినిపించే చోట ఆ కుటుంబం ఎలా ఉందని అడిగేవాళ్లూ ఉంటారు. 1949 నుంచి డిసెంబరు 7న జరుపుతున్న సాయుధ దళాల పతాక దినాన బడిపిల్లలు జెండా స్టిక్కర్లు అమ్మి నిధి పోగుచేస్తారు, అది సైనిక సంక్షేమానికి వెళ్తుంది. లింగంపల్లి, చందానగర్ బడుల్లో ఆ రోజు డబ్బాలో వేసే నాణెంతో పాటు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి తెచ్చుకున్న పేర్ల జాబితాను పైకి చదవడానికి అదనపు ఖర్చేమీ లేదు, ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.