ఒకటికి ఒకటి

1999 అక్టోబరులో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో సహస్రాబ్ది ఉత్సవాలు మొదలయ్యాయి. వాటితోపాటే పిన్నుల మార్పిడీ మొదలైంది. అక్కడి ఉద్యోగులు మిక్కీ, డోనాల్డ్, గూఫీ వంటి పాత్రల బొమ్మలున్న ఎనామెల్ పిన్నులను మెడపట్టీకి గుచ్చుకుని తిరిగేవారు. వచ్చినవాళ్లు తమ పిన్ను ఒకటిచ్చి, ఆ పట్టీ మీద నచ్చినదాన్ని పట్టుకుపోవచ్చు. మరుసటి ఏడాదికి ఈ సరదా కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కూ పాకింది. సరుకు అమ్ముకోవడానికి కంపెనీ వేసిన ఎత్తు అని దీన్ని కొట్టిపారేయడం తేలిక. పిన్నులు అమ్ముడుపోయిన మాటా నిజమే. కానీ పాత్రల బొమ్మలు రొమ్మున పెట్టుకోవడం అప్పటికే నూరేళ్ల పాత ముచ్చట. 1999లో కొత్తగా వచ్చింది బొమ్మ కాదు, ఒక నియమం: ఏ పిన్నుకైనా ఏ పిన్నయినా, ఒకటికి ఒకటి, ఉద్యోగి కాదనకూడదు. ఈ ఆచారాన్ని నిలబెట్టిందీ, దానికి తెగులు పట్టించిందీ ఆ నియమమేనని నా వాదన.

ముందు బొమ్మ సంగతి. అచ్చేసిన కాగితం మీద సెల్యులాయిడ్ పొర కప్పి రేకుకు బిగించే బ్యాడ్జికి 1896లో అమెరికాలోని న్యూఆర్క్‌కు చెందిన వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ పేటెంటు పొందింది. ఆ ఏటి అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థులు మెకిన్లీ, బ్రయాన్‌ల ముఖాలు అలాంటి బ్యాడ్జిల మీదే జనంలోకి వెళ్లాయి. పత్రికల్లో పేరుమోసిన కార్టూన్ కుర్రాడు ఎల్లో కిడ్ కూడా వాటి మీదికెక్కి హై అడ్మిరల్ సిగరెట్లకు ప్రచారం చేశాడు. 1945, 1947 మధ్య కెలాగ్స్ వాళ్లు పెప్ అనే గోధుమ రేకుల డబ్బాల్లో కామిక్ పాత్రల బ్యాడ్జిలు పెట్టారు. అయిదు విడతలు, విడతకు 18. ప్రతి విడతలోనూ సూపర్‌మ్యాన్ ఉన్నాడు గనక మొత్తం రకాలు 90 కాక 86 అయ్యాయి. ఏ డబ్బాలో ఎవరున్నారో విప్పితే గాని తెలియదు. వచ్చిన బొమ్మే మళ్లీ వస్తే, మన పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు మార్చుకున్నట్టే, పక్కింటి కుర్రాడితో మార్చుకోవాల్సిందే. అయితే అది ఇద్దరికీ ఇష్టమైతేనే కుదిరే బేరం. ఇంటింటా ఉన్న సూపర్‌మ్యాన్‌నిచ్చి దొరకని బొమ్మ అడిగితే ఎదుటివాడు పొమ్మంటాడు. బొమ్మ మీద మోజు ఎంతున్నా, అపరిచితులు సైతం పాటించే ఆచారంగా అది ఎదగదు.

అపరిచితుల మధ్య మార్పిడి పెరిగింది ఒలింపిక్స్‌లో. 1896 ఏథెన్స్ క్రీడల్లో ఆటగాళ్లను, నిర్ణేతలను, అధికారులను గుర్తుపట్టడానికి అట్టముక్కల బ్యాడ్జిలు పెట్టారు. 1924లో పారిస్‌లో క్రీడాకారులకు ప్రత్యేక నివాసం ఏర్పడి నానాదేశాల వాళ్లు ఒకేచోట మసలాక, దేశం గుర్తున్న పిన్నులు చేతులు మారడం పరిపాటైంది. అక్కడ పిన్ను ఖరీదును ఎవరూ అడగరు. ఇచ్చినవాడు ఎక్కడినుంచి వచ్చాడన్నదే దాని విలువ. 1980 లేక్ ప్లాసిడ్, 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలతో ఈ పిచ్చి ప్రేక్షకులకూ అంటుకుంది. 1988లో కాల్గరీలో కోకాకోలా ఏకంగా మార్పిడి కేంద్రమే తెరిచింది. లాస్ ఏంజెలెస్ పిన్నుల మీద కనిపించిన సామ్ అనే గద్దను గీసింది డిస్నీ చిత్రకారుడు బాబ్ మూరే! డిస్నీకి ఈ ఆట ఎప్పటినుంచో తెలుసన్నమాట. కాకపోతే ఒలింపిక్ పిన్నుకు దేశం ఉంది, డిస్నీ పిన్నుకు దుకాణం తప్ప ఊరు లేదు. ఆ లోటును నియమంతో పూడ్చారు.

నియమం నిజంగానే పనిచేసింది. దానికి షరతులు కొన్నే: పిన్ను లోహానిదై ఉండాలి, వెనక డిస్నీ హక్కుల ముద్ర ఉండాలి, ఉద్యోగి పట్టీ మీద అప్పటికే ఉన్న రకం కాకూడదు, ఒక్కో ఉద్యోగితో రోజుకు రెండే. ఆకుపచ్చ పట్టీ వేసుకున్నవాళ్లు పిల్లలతోనే మార్చుకునేవారు. బేరమాడటం రాని పిల్లకు ఎదుటివాడు కాదనలేడన్న హామీ అది. కానీ అన్నిటికీ ఒకే మారకం రేటు కట్టినచోట జనం చవకదాన్ని వదిలించుకుని మంచిదాన్ని దాచుకుంటారు. నాసిరకం పిన్నులు గుత్తగా, కారుచవగ్గా అంగట్లోకి వచ్చాయి. సేకరణదారులు వాటిని స్క్రాపర్లంటారు. దగ్గరగా చూస్తే లోహపు గీత దాటి పొంగిన రంగు, లేదా పూర్తిగా నిండని గుంట, చేతికి గరుగ్గా తగిలే అంచు కనిపిస్తాయి. అసలు పిన్ను వెనక మిక్కీ తలల అచ్చు అంచుదాకా పరుచుకుని ఉంటే, వీటిలో చాలావాటికి అంచు చుట్టూ గట్టులా ఖాళీ మిగులుతుంది. అయినా ముద్ర ఉందిగా, ఉద్యోగి తీసుకుంటాడు. మూలన చిన్న మిక్కీ తల గుర్తుతో, మార్పిడి కోసమే ఉద్యోగుల పట్టీల మీదికి వచ్చిన హిడెన్ మిక్కీ పిన్నులకూ నకళ్లు పుట్టాయి.

అసలైన సేకరణదారులు ఇవేవీ పట్టించుకోరు, పరిమిత సంఖ్యలో వచ్చే పిన్నులను డబ్బుకే కొంటారు గదా అనవచ్చు. కొంటారు. అయితే అది నాణేల సంతలాంటి వేరే లోకం, పట్టీ ముందు నిలబడ్డ పిల్లకు దానితో పని లేదు. నకిలీలను ఏరేసే అధికారం ఉద్యోగికి ఇవ్వొచ్చు గదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ సూచనకు బలముంది: నకిలీ ఇచ్చి అసలు పట్టుకుపోయేవాడి వల్ల నష్టపోయేది దుకాణంలో డబ్బు పోసి కొన్నవాడే. కానీ ఆ అధికారం వస్తే ప్రతి పిన్నునూ వెనక్కి తిప్పి, అంచు తడిమి, ఇది చెల్లదని ఏడేళ్ల పిల్లకు చెప్పాల్సివస్తుంది. ఆ పిల్ల దగ్గరున్నది తండ్రి ఆన్‌లైన్‌లో తెలియక కొన్న పొట్లంలోది కావచ్చు. నచ్చితేనే తీసుకుంటాననే ఉద్యోగికీ, పెప్ డబ్బాల నాటి పక్కింటి కుర్రాడికీ అప్పుడు తేడా ఉండదు. అందుకే నాసిరకం పిన్నులు ఇన్నేళ్లుగా ఆ పట్టీల మీద వేలాడుతున్నా, కాదనకూడదన్న మాటను మాత్రం డిస్నీ వదులుకోలేదు.