తుపాకి రాముడు, ఉబు రాజు

1896 డిసెంబరు 10, పారిస్. తెర లేచింది. బానపొట్టతో వచ్చిన ఉబు వేషధారి ఫిర్మె జెమియే ఒక బూతుమాటను అక్షరం చేర్చి అన్నాడు. హాలంతా గోల. అరిచేవాళ్లు కొందరు, చప్పట్లు కొట్టేవాళ్లు కొందరు. ఆ ప్రేక్షకుల్లో కవి యేట్స్ కూడా ఉన్నాడు.

నాటకకర్త ఆల్ఫ్రెడ్ జారీకి అప్పటికి 23 ఏళ్లు. రెన్ పట్నం బడిలో పిల్లలు తమ ఫిజిక్స్ మాస్టారిని ఎగతాళి చేస్తూ అల్లుకున్న తమాషానే ‘ఉబు రాజు’గా మలిచాడు. ఉబు పోలండ్ రాజును చంపి గద్దెనెక్కుతాడు, ప్రభువులను గోతిలోకి తోయిస్తాడు, పన్నుల వసూలుకు తానే బయల్దేరుతాడు. తిండిపోతు, పిరికివాడు. గుర్రమెక్కాలంటే మెడలో అట్ట గుర్రంతల తగిలించుకుంటే సరి. ఐనెస్కో, బెకెట్‌ల అసంబద్ధ నాటకాలకు దారి వేసింది ఈ నాటకమే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలకు ఉబు పరాయివాడు కాడు. అక్కడ అతని చుట్టం తుపాకి రాముడు. కోస్తావాళ్లు పిట్టలదొర అంటారు.

చిరిగిన ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. వాకిట్లో నిలబడి కోతలు మొదలుపెడతాడు. చెరువులు తనవి, రైళ్లు తనవి. లేని జాగీర్లు దానమిచ్చేస్తాడు. చివరికి చేయి చాపేది గుప్పెడు బియ్యానికి! ఏలేవాడి డాంబికం, అడుక్కునేవాడి ఆకలి ఒకే ఒంటి మీద కనిపిస్తాయి. జారీ రంగస్థలం మీద ఇంత బిగువైన బొమ్మ లేదు.

ఇది పగటి వేషాల సంప్రదాయం. బహురూపులనే ఈ వేషగాళ్ల ప్రస్తావన పాల్కురికి సోమన ‘పండితారాధ్య చరిత్ర’లోనే ఉంది. బుడగ జంగాలు ఈ విద్యను ఊరూరా మోశారు.

నిజాం కాలంలో దొర గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన జనానికి ఆ కట్టె తుపాకి ఎవరిదో విడమర్చి చెప్పనక్కర్లేదు. 1978 సెప్టెంబరులో దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంటే దొరతనం అప్పట్లో ఇక్కడ వేదాంత చర్చ కాదు, రోజువారీ భయం. తుపాకి రాముడి నవ్వులో పస అక్కడిదే. బెకెట్ నాటకంలో మనుషులు ఎవరికోసమో ఎదురుచూస్తారు. ఇతని వెక్కిరింత ఎవరి మీదో ఊరందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ పేరు రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడానికి పనికొస్తోంది. 2019లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. వేషం కట్టేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. ఉబు సంభాషణలు అచ్చులో ఉన్నాయి. తుపాకి రాముడి కోతలు చాలావరకు వేషగాళ్ల నోటనే ఉన్నాయి. మన రంగస్థల శాఖలు వాటిని ఆ నోళ్ల నుంచే రికార్డు చేయాలి, ఈ తరం వేషగాళ్లు ఉండగానే.