టాపు మీది చరిత్ర

మా చౌడేపల్లెకు రైలు లేదు. రైలెక్కాలంటే కుప్పానికన్నా పోవల్ల, మదనపల్లె దాటి సీటీఎంకన్నా పోవల్ల. అందుకే మా ఊరి రాకపోకల కథంతా బస్సు కథే. అందులోనూ నన్నడిగితే సీట్ల కంటే టాపుదే పెద్ద కథ.

1953 అక్టోబరు 1 దాకా మేము మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. నిజాం సర్కారు 1932లో 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టిన ముచ్చట హైదరాబాదు వాళ్లది. మా దిక్కున తిరిగినవి సొంతదారుల బండ్లు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను రాగానే బస్సులకు బొగ్గు పొయ్యిలు తగిలించినారు. క్లీనరు చేత్తో ఫంకా తిప్పి నిప్పు రాజేస్తే, గ్యాసు పుట్టినాక బండి కదిలేదంట. ఎత్తు వస్తే మగోళ్లు దిగి తొయ్యాల్సిందే. "టాపు మీద చింతపండు బస్తాలను మాత్రం దించేవాళ్లు కాదురా, వాటికే మర్యాద" అని మా నాయన నవ్వేవాడు.

1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. అంతమాత్రాన ప్రైవేటు బండ్లు రాత్రికి రాత్రి మాయం కాలేదు. సర్కారు రూట్లు తీసుకోబోతే సొంతదారులు రూటు రూటుకూ కోర్టు మెట్లెక్కినారు. కర్నూలు జిల్లా రూట్ల కేసులో సుప్రీంకోర్టు అన్న మాటలకు 1964లో ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డే రాజీనామా చేసినాడు. బస్సు పర్మిట్టంటే ఆ కాలంలో అంత ఆస్తి!

నేను ఎక్కింది ఎర్రబస్సు. పుంగనూరు మీదుగా మదనపల్లెకు, బీసెంటు కాలేజీలో చదవడానికి. వెనక ఇనుప నిచ్చెన, టాపు చుట్టూ కమ్మీలు. పొద్దన్నే టమోటా గంపలు ఎక్కేవి, వాటి పక్కన పట్టుగూళ్ల మూటలు. గూళ్లు నలిగితే ధర పడిపోతుందని రైతు తానూ పైకెక్కి మూట పక్కనే కూర్చునేవాడు. కింద మాకు గంపల్లోంచి కారే రసం కిటికీలో పడేది. తెల్లచొక్కా వేసుకున్న రోజు కిటికీ సీటు నేను ఇంకొకరికి దానం చేసేవాణ్ని. ఆదివారమైతే బోయకొండ గంగమ్మకు పోయే జనం. కోళ్లు కాళ్ల సందున, పొంగలికి సామాను టాపు మీద. ఒకసారి ఒక అవ్వ మేకపిల్లతో ఎక్కింది.

"అవ్వా, దానికి గూడా టికెట్టు తీసుకోవల్ల."

"మూడు నెల్ల పిల్ల నాయనా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాలే."

బస్సంతా అవ్వ పక్కం చేరింది. కండక్టరు టికెట్టు కొట్టకుండానే ముందుకు పోయినాడు.

లగేజీ కూలి గురించి రోజూ ఒక కొట్లాట. గంపకింత అని కండక్టరు, పోయినవారం ఇంత లేదని రైతు. ఈ తగువు తేలేలోపల పుంగనూరు వచ్చేసేది. సరుకు ముందు, మనిషి తర్వాత అన్నట్టు నడిచిన కాలం అది. నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది: మా గంప వేళకు మార్కెట్టు చేరకపోతే నా ఫీజే లేదు.

టాపు ఎట్లా ఖాళీ అయిందో చెప్తాను. 2005లో టాటా ఏస్ వచ్చింది, తర్వాత పికప్పులు. గంపలు పోయి ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినాయి. బండి తోట గట్టుకే వచ్చి ఎత్తుకుపోతుంటే బస్సు కోసం కాచుకునేదెవరు? ఇప్పటి పల్లెవెలుగు బస్సుకు నిచ్చెన వెతికినా కనపడదు.

ఖాళీ టాపు కింద లోపల మాత్రం కిటకిట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఇదివరకు కొత్తిమీర కట్ట కూడా నా చేత తెప్పించుకున్న మా ఇంటామె ఇప్పుడు పుంగనూరు సంతకు తానే పోయి, బేరం చేసి, సంచి సీటు కింద తోసి వస్తోంది. నాకు ఇంట్లో పని తగ్గింది, విలువ కూడా కొంచెం తగ్గింది. చార్జీ లేదని టికెట్టు మానొద్దమ్మా, సున్నా టికెట్టు అడిగి తీసుకోండి. ఆధార్‌ కార్డో, రేషను కార్డో చేతిలో పెట్టుకోండి. కార్డు చూపకపోతే డబ్బు కట్టాల్సిందే.