బటన్ నొక్కని రికార్డింగు

మాది రాయదుర్గం అనగానే ఆఫీసులో అందరూ హైటెక్ సిటీ దాటాక వచ్చే మెట్రో స్టేషన్ అనుకుంటారు. కాదు మహాప్రభో, అనంతపురం జిల్లా రాయదుర్గం. కొండ మీద కోట, కింద జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు. వానల సంగతి మాత్రం అడక్కండి :)

2020 లాక్‌డౌన్‌లో నేను బెంగుళూరులో, అవ్వాతాతలు ఊళ్ళో. ప్రతి ఆదివారం తాత చేత పాత కబుర్లు చెప్పించి దాచుకుందామని ఒక సర్వర్ అద్దెకి తీసుకుని బిగ్‌బ్లూబటన్ వేశాను. ఊళ్ళో మా చిన్నాన్న కొడుకు ఫోన్ పట్టుకునేవాడు. "ఫ్రీగా బోలెడు ఉండగా నీకిదేం పిచ్చిరా" అన్నాడో ఫ్రెండు.

ఆ పిచ్చి కైఫీయతులు చదివి పట్టుకుంది. 1800లో నిజాము దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాడు. ఆ రోజుల్లో సర్వే పని చేస్తున్న కల్నల్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్ళ సాయంతో ఊరూరి చరిత్ర రాయించాడు. చెప్పింది కరణాలు, ఊరి పెద్దలు. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణ మొత్తాన్నీ కంపెనీ 10 వేల పౌండ్లకు కొనేసింది. కొంత లండన్‌కి, కొంత మద్రాసుకి చేరింది. పాడైపోతున్న వాటికి తర్వాత సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించబట్టి చాలా మిగిలాయి. చెప్పిన ఊళ్ళో మాత్రం కాగితం ముక్క లేదు. అందుకే తాత గొంతు నా దగ్గరే ఉండాలనుకున్నా.

బిగ్‌బ్లూబటన్ 2007లో కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో క్లాసుల కోసం మొదలైంది. ఇది స్క్రీన్‌ని వీడియో తీయదు. మాటలు ఒక ఫైలు, కెమెరా ఒక ఫైలు, ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏ స్లయిడు ఎప్పుడు మారింది అన్నది టైముతో సహా ఇంకో ఫైలు. మీటింగు అయ్యాక వీటన్నిటినీ కలిపి చూసేందుకు వీలుగా తయారుచేస్తుంది.

ఒక ఆదివారం తాత 1953 గురించి చెప్పాడు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు, బళ్ళారి ఊరేమో మైసూరు వైపు. తాతకప్పుడు పన్నెండేళ్ళు. "నిన్నటిదాకా బళ్ళారి జిల్లా, పొద్దున లేస్తే అనంతపురం జిల్లా. బజార్లో మాత్రం అదే తెలుగు, అదే కన్నడం" అన్నాడు. గంటంపావు చెప్పాడు. అంతా అయ్యాక చూస్తే నేను రికార్డ్ బటనే నొక్కలేదు!

రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత డాక్యుమెంటేషన్ తిరగేస్తే తెలిసింది. అప్పట్లో రికార్డింగుకి అనుమతి ఉన్న గదిలో బటన్ నొక్కినా నొక్కకపోయినా మాటలన్నీ సర్వర్లో పడుతూనే ఉండేవట. అప్పుడు బటన్ పని ఏ భాగం చూపించాలో గుర్తు పెట్టడమే. అసలు నొక్కని సెషన్ల ముడి ఫైళ్ళని 14 రోజుల తర్వాత ఒక స్క్రిప్టు చెరిపేస్తుంది. వెతికితే తాత గొంతు దొరికింది. ఎగిరి గంతేశాను.

ఆ సంతోషం ఫైలు చివరిదాకా విన్నాక పోయింది. ఆరోజు నేను టీ పెట్టుకోడానికి లేచాను, గది మూయలేదు. అయిపోయిందనుకుని అవ్వ, తాత ఎప్పుడో అమ్మేసిన చేను గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు. అందులో ఏముందో ఇక్కడ రాయను. మా నాన్నకి కూడా తెలియని సంగతి.

తాతకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "ఊరి కథ పెట్టుకో నాయనా. అది మా ఇంటి కథ, కొట్టేయ్" అన్నాడు.

కొట్టేశాను. ముడి ఫైల్లోంచి, తయారైన కాపీలోంచి, బ్యాకప్‌లోంచి. మూడోది దాదాపు మర్చిపోయాను.

వేరేవాళ్ళ సర్వర్లో పెడితే మన మాట వాళ్ళ చేతిలో ఉంటుందని ఇదంతా మొదలుపెట్టాను. తీరా చూస్తే తాత మాటకి ఆ వేరేవాడిని నేనే! ఆనాటి కరణాలని ఇలా ఎవరైనా అడిగారో లేదో.

తాత 2021లో పోయాడు. 1953 ఫైలు నా దగ్గరుంది, ఊళ్ళో మా తమ్ముడి దగ్గర ఇంకో కాపీ ఉంది. మీరూ ఇంట్లో పెద్దవాళ్ళని రికార్డు చేస్తుంటే, బటన్ నొక్కేముందు ఒక్క మాట అడగండి. ఆపాక సర్వర్లో ఏం మిగిలిందో కూడా ఒకసారి చూసుకోండి.