రెండు కొసల వరుస

కంప్యూటరు ఎంత వేగముగా పనిచేసినను, ఒక్క క్షణమున చేయగలిగిన పనులు కొన్నియే. తక్కినవి తమ వంతు వచ్చువరకు ఎక్కడనో కాచుకొని యుండవలెను. వానిలో ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్న అప్పుడు పుట్టును. రైలు టిక్కెట్ల కిటికీ వద్ద ముందు వచ్చినవానికే ముందు టిక్కెట్టు, ఇది క్యూ. వంటింటిలో కడిగి పేర్చిన పళ్లెములలో చివర పెట్టినదే ముందు చేతికి వచ్చును. ఇది దొంతర, ఇంగ్లీషున స్టాక్. ఏ కొసనైనను చేర్చుటకును, ఏ కొసనుండి యైనను తీయుటకును వీలున్న వరుస మూడవది. దాని పేరు డెక్. నడుమ నున్న వస్తువును మాత్రము అందులోను ముట్టరాదు.

ఈ మూటిలో దొంతర చరిత్ర ఆసక్తికరమైనది. 1945 చివర ఇంగ్లండులో ఆలన్ ట్యూరింగ్ తాను తలపెట్టిన గణక యంత్రమునకు ప్రణాళిక వ్రాయుచు ఒక చిక్కును గుర్తించెను. యంత్రము ఒక పనిని నడుమ ఆపి వేరొక చిన్న పనికి పోయినచో, తిరిగి ఎక్కడికి రావలెనో గుర్తుంచుకొనవలెను. ఆ గుర్తును ‘పూడ్చిపెట్టుట’, పిదప ‘త్రవ్వి తీయుట’ అని ఆయన పేర్లు పెట్టెను. 1957లో జర్మనీలో బావర్, సామెల్సన్ అను ఇరువురు ఇట్టి ఏర్పాటునకే పేటెంటు కోరుచు దానిని నేలమాళిగ అనిరి. డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథపు మొదటి సంపుటమున ఇట్టి పేర్లనెన్నింటినో ఏరి కూర్చెను. వానిలో యోయో బొమ్మ పేరు కూడ కలదు! ఒకే ఉపాయమును పలువురు వేర్వేరుగా కనుగొనిరనుటకు ఈ పేర్ల గుంపే సాక్ష్యము.

డెక్ అను మాటను కల్పించినవాడు ష్వెప్పీ యని క్నూత్ వ్రాసెను. రెండు కొసల క్యూ అను ఇంగ్లీషు మాటలను కుదించి చేసిన పేరది. పేకముక్కల కట్టను చెప్పు ఇంగ్లీషు మాటతో దాని ఉచ్చారణ కలియును. కట్టలోనుండి పైముక్కను తీసినట్లే అడుగుముక్కను కూడ తీయవచ్చును గదా.

దీని శక్తి ఎంత? ఇక్కడ రైల్వే యార్డు మనకు ఉపకరించును. దొంతరను షంటింగ్ పట్టాలతో పోల్చుట డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా సూచనయని క్నూత్ చెప్పెను. 1, 2, 3, 4 అను వ్యాగన్లు ఆ క్రమముననే యార్డులోనికి వచ్చుచున్నవనుకొందము. వానిని 24 క్రమములలో అమర్చవచ్చును. యార్డు క్యూ వంటిదైనచో వచ్చిన క్రమముననే పోవును, ఒక్కటే క్రమము. ఒకవైపు మూసిన పట్టా, అనగా దొంతర, అయినచో 14 క్రమములు సాధ్యము. 3 ముందు బయటకు వచ్చినచో, 2 అడ్డముగా నుండుటచే 1 దానికంటె ముందు రాజాలదు.

ఇక రెండు కొసల పట్టాను తీసికొందము. చేర్చుట ఒక కొసననే, తీయుట రెండు కొసలను అనినచో 22 క్రమములు వచ్చును. చేర్చుట రెండు కొసలను, తీయుట ఒక కొసననే అనినను 22 వచ్చును. సంఖ్య ఒకటే గాని ఆ క్రమములు అన్నియు ఒకటి కావు. 4, 1, 3, 2 మొదటి యార్డునకు మాత్రమే సాధ్యము; 4, 2, 1, 3 రెండవదానికి మాత్రమే. 4, 2, 3, 1 రెంటికిని అసాధ్యము. వ్యాగన్ల సంఖ్య పెరిగిన కొలది ఈ లెక్క 1, 2, 6, 22, 90 అని సాగును. మొదటిది తప్ప ఇవి జర్మను గణితజ్ఞుడు ష్రోడర్ 1870లో కుండలీకరణముల లెక్కలో చూపిన సంఖ్యలకు రెట్టింపులే. కంప్యూటర్లు పుట్టుటకు ఎంతయో ముందటి మాట!

ఏ నిషేధమును లేని డెక్ 24 క్రమములను ఇయ్యగలదు. కాని అయిదు వ్యాగన్లకు 120 క్రమములలో 116 మాత్రమే దానికి చేతనగును. 5 ముందు వెడలి, పిదప 1, 3 గాని 2, 3 గాని వరుసగా రావలెనన్నచో సాధ్యపడదు. విద్యార్థులు కాగితముపై అయిదు అంకెలు వ్రాసి ఈ మాట నిజమేమో తేల్చుకొనవచ్చును.

కంప్యూటరు స్మృతిలో దీనిని అమర్చుటెట్లు? పదివేల అంశములను వరుస గడులలో నుంచి, ముందు కొసన కొత్తదానిని చేర్చవలెనన్నచో పదివేలను ఒక్కొక్క గడి వెనుకకు జరుపవలెను. ఇది వృథా శ్రమ. అందుచే గడులను గుండ్రముగా భావింతురు: ఎనిమిది గడులలో 7వ గడి తరువాతది 0వ గడి. మొదలెక్కడ, తుది ఎక్కడ అను రెండు సూచికలు మాత్రమే జరుగును, అంశములు కదలవు. అయితే ఒక చిన్న మెలిక కలదు. వరుస ఖాళీ అయినను, పూర్తిగా నిండినను రెండు సూచికలు ఒకే చోటికి వచ్చును. అందువలన ఒక గడిని ఎప్పుడును ఖాళీగా విడుతురు, లేక అంశముల సంఖ్యను విడిగా వ్రాసి యుంచుకొందురు. పైథాన్ భాషలో 2004లో చేర్చిన డెక్ దారి వేరు. అది అంశములను చిన్న చిన్న ముక్కలలో నుంచి, ఆ ముక్కలను గొలుసువలె కలుపును.

చాలకాలము డెక్ పాఠ్యగ్రంథపు అందమైన అభ్యాసముగనే ఉండెనని నా అభిప్రాయము. దానికి నిజమైన కొలువు దొరకినది అనేక ప్రాసెసర్లు కలిసి పనిచేయు యంత్రములలో. అమెరికాలోని ఎం.ఐ.టి.లో బ్లూమాఫ్, లైసర్సన్ 1994లో ‘పని దొంగిలించు’ పద్ధతిని గణితపూర్వకముగా పరిశీలించిరి. ప్రతి ప్రాసెసరునకు ఒక డెక్ ఉండును. పెద్ద పనిని విడగొట్టుచు, ముక్కలను తన కొసననే చేర్చి, ఆ కొసనుండియే తీసికొనును. తన వరకు అది దొంతర. చేతిలో పని లేని ప్రాసెసరు ఎవరినో ఒకరిని గుడ్డిగా ఎన్నుకొని, వారి డెక్ రెండవ కొసనుండి ఒక పనిని దొంగిలించును. అక్కడ నున్నది అన్నిటికంటె పాతది, సాధారణముగా అన్నిటికంటె పెద్దది. కావున ఒక్క దొంగతనముతో దొంగకు చాలసేపు పని దొరకును, మాటిమాటికి రానక్కరలేదు. యజమాని ఒక కొసన, దొంగ మరొక కొసన ఉండుటచే ఒకరికొకరు అడ్డు రారు. 2011లో వచ్చిన జావా 7 ఈ పద్ధతిని తన గ్రంథాలయమున చేర్చుకొనినది.

డెక్‌లో ఒక్క పనియే మిగిలినప్పుడు మాత్రము రెండు కొసలును ఒకటే యగును. యజమానియు దొంగయు దానికే చేయి చాపుదురు. ఎం.ఐ.టి. వారు 1998లో తమ సిల్క్ భాషలో ఆ తగవు తీర్చుటకు వాడిన నియమము పరస్పర నిరోధమును గూర్చి డైక్‌స్ట్రా 1965లో చూపిన మార్గమును అనుసరించినదే.