లారీ కేబిన్ కింద నాలుగు చక్రాలు

విరుదునగర్, కోవిల్‌పట్టి దారుల్లో పత్తి బేళ్ళు, అగ్గిపెట్టెల కట్టలు మోసిన పాత లారీల కేబిన్లు చాలావరకు కంపెనీలో తయారైనవి కావు. 1954లో టాటా-మెర్సిడెస్ లారీలు, 1955 నుంచి అశోక్ లేలాండ్ పేరుతో లారీలు వచ్చాయి. కొన్నవాళ్ళ చేతికి ఎక్కువగా అందింది ఛాసీ, ఇంజను, ముందు ముఖం. మిగతా బాడీ నామక్కల్ లాంటి ఊళ్ళలో ఆశారులు చెక్కతో, రేకుతో కట్టారు.

అందుకే వాటిని బాగుచేయాలంటే భయం. కొలతల కాగితం ఉండదు, ఆ కేబినే కాగితం. విప్పి ఎగుడుదిగుడు నేలమీద దించితే చెక్క చట్రం మెలితిరుగుతుంది. మేమొకసారి ఇటుకలమీద నిలబెట్టాం. తరువాత తలుపు మూసుకుంటే ఒట్టు!

ఇప్పుడు విప్పకముందే బోల్టు రంధ్రాల దూరాలు, మూల నుంచి మూలకు కొలుస్తాం. యాంగిల్ ఇనుముతో సరిగ్గా ఆ కొలతకే చట్రం వెల్డింగ్ చేసి, కింద నాలుగు తిరిగే చక్రాలు పెడతాం, రెండింటికి బ్రేకు. తలుపుల సందుల్లో అడ్డబద్దలు బిగించాకే కేబిన్‌ను ఎత్తి, పాత రంధ్రాల్లోనే రబ్బరు వాషర్లతో కూర్చోబెడతాం. ఇరుకు షెడ్డులోంచి ఇద్దరు తోస్తే చాలు, వెలుతురులోకి వస్తుంది.

మీ తోటలో అలాంటి కేబిన్ కోళ్ళగూడుగా మిగిలుంటే, పాతఇనుముకు వేయకముందు ఒక ఫోటో పెట్టండి.